పదును ఎంత లోతు దిగింది? మెట్టసీమలో నీడచెట్లకు నీళ్ళూ ఎరువులూ

అనంతపురంలో మా ఇంటి ముందు ఒక వేపచెట్టు ఉండేది. నాటిన రోజు నుంచి ఆరేళ్ళపాటు ప్రతి సాయంత్రం దానికి ఒక బకెట్ నీళ్ళు పోశాం. ఊరికి పోయినా పక్కింటివాళ్ళకు చెప్పి పోయించేవాళ్ళం. ఆరో ఏడు మే నెలలో, వానకు ముందు లేచే ఈదురుగాలికి, అది వేళ్ళతో సహా ఒరిగి పడిపోయింది. మొదలు చూస్తే వేళ్ళన్నీ జానెడు లోతులోనే, పాదు ఎంత ఉందో అంత మేర గుండ్రంగా అల్లుకుపోయి ఉన్నాయి. ఎదురుగా ఖాళీ స్థలంలో దానంతటదే మొలిచిన వేప ఒకటుంది. వయసు కూడా దాదాపు అంతే. దానికి ఎవరూ చెంబెడు నీళ్ళు పోసింది లేదు. అదే గాలికి అది రెండు రెమ్మలు రాల్చి నిలబడింది.

రాయలసీమలో వాన వెలిసిన మర్నాడు రైతులు ఒకరినొకరు అడిగే మాట ఒకటుంది: "పదును ఎంత లోతు దిగింది?" పదును అంటే నేలలోకి దిగిన తడి. ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది ఆఫీసు లెక్క. చేనుగట్టు దిగి, మన్ను గీకి చూసి, "బెత్తెడే దిగింది, పనికిరాదు" అనో, "మూరెడు దిగింది, ఇంక విత్తనం వేయొచ్చు" అనో చెప్పుకుంటారు. పట్నంలో ఇంటి ముందు చెట్టు పెంచే మనం ఆ ప్రశ్న మరిచిపోయాం. ఎన్ని బకెట్లు పోశామన్నదే లెక్కపెడుతున్నాం. మా వేపకు రోజూ పడ్డ నీళ్ళు బెత్తెడు మించి దిగలేదు. ఆ కాస్త తడిలోనూ చాలా భాగం మర్నాటి ఎండకే ఆవిరైపోయేది. వేరు పొడినేలను చీల్చుకుని నీటిని వెతుక్కుంటూ పోదు. పదును ఎంతదాకా ఉంటే అంతదాకానే పోతుంది. ఖాళీ స్థలంలోని వేపకు ఏడాదికి రెండో మూడో పెద్ద వానలు మూరెడు లోతు దిగాయి. వాటి వెంట వేరూ దిగింది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మెట్ట ప్రాంతంలో చెట్టుకు నీళ్ళూ ఎరువులూ ఇవ్వడంలోని చిక్కు సగం విడిపోతుంది. మిగతా సగం లెక్క. అది కష్టమైన లెక్కేమీ కాదు.

నేల అనే పాతర

వెనకటికి మా వైపు జొన్నలు దాచుకోవడానికి పాతరలు తవ్వేవాళ్ళు. పాతర ఎంత పెద్దది, ఇంట్లో రోజుకు ఎన్ని గింజలు ఖర్చవుతాయి అన్న రెండూ తెలిస్తే మళ్ళీ ఎప్పుడు నింపాలో తెలుస్తుంది. చెట్టు కింద నేల కూడా నీటికి అలాంటి పాతరే.

మన ఎర్రనేలలు, ఇసుక పాలు ఉన్నవి, మీటరు లోతుకు దాదాపు 100 మిల్లీమీటర్ల నీటిని చెట్టుకు అందేలా పట్టి ఉంచుతాయి. నల్లరేగడి అంతే లోతుకు 180 దాకా పట్టుకుంటుంది. చెట్టు నీరు పీల్చుకునే సన్నవేళ్ళలో అత్యధికం పైన 60 సెంటీమీటర్లలోనే ఉంటాయి. తల్లివేరు పాతాళానికి పోతుందని, అడుగున ఎక్కడో నీరు తాగుతుందని మనకొక నమ్మకం. నేల మెత్తగా ఉన్నచోట కొన్ని వేళ్ళు చాలా లోతుకు పోతాయి, కరువులో చెట్టును కాపాడేవి అవే. కానీ రోజువారీ బతుకు పైనున్న ఆ రెండడుగుల్లోనే గడుస్తుంది. గాలి, తేమ, పోషకాలు మూడూ కలిసి దొరికేది అక్కడే.

అంటే ఎర్రనేలలో 60 సెంటీమీటర్ల పాతరలో 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో సుమారు 108 మిల్లీమీటర్లు ఉంటాయి. అది పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగితే చెట్టు చాలా కష్టపడుతుంది. సగం ఖర్చు కాగానే మళ్ళీ నింపాలి. ఎర్రనేలకు ఒక తడికి 30 మిల్లీమీటర్లు, నల్లరేగడికి 54 అన్నమాట. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే సరిగ్గా ఒక లీటరు. కాబట్టి 30 మిల్లీమీటర్లంటే చదరపు మీటరుకు 30 లీటర్లు.

ఇక రోజువారీ ఖర్చు. అనంతపురం వైపు ఏడాదికి కురిసే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. నీటి ఖర్చుకు కొలబద్దగా తీసుకునేది పచ్చికను. బాగా తడిసిన పచ్చిక ఏడాదిలో గాలికి వదిలే నీరు ఆ వానకు మూడింతల పైమాటే. ఒక్క మే నెలలో రోజుకు 7 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. డిసెంబరులో 4 దగ్గర. అయితే నేలలో కుదురుకున్న నీడచెట్టుకు ఆ మొత్తం అక్కర్లేదు. పంట ఇవ్వాల్సిన పని దానికి లేదు, పచ్చగా నిలబడితే చాలు. అందులో సగం ఇస్తే సరిపోతుంది. వేప, కానుగ లాంటివాటికి ఇంకా తక్కువైనా చాలు.

మూడు మీటర్ల అడ్డకొలత ఉన్న కొమ్మల గొడుగు గల చెట్టును తీసుకుందాం. దాని కింద నీడ దాదాపు 7 చదరపు మీటర్లు. మే నెలలో రోజు ఖర్చు 7 మిల్లీమీటర్లలో సగం, అంటే మూడున్నర. దాన్ని 7 చదరపు మీటర్లతో గుణిస్తే సుమారు 25 లీటర్లు. ఎర్రనేలలో సగం పాతర 210 లీటర్లు. కాబట్టి ఎనిమిది రోజులకు ఒకసారి 210 లీటర్లు పోయాలి. అదే చెట్టు నల్లరేగడిలో ఉంటే ఒక తడికి 380 లీటర్లు, పదిహేను రోజులకు ఒకసారి. డిసెంబరులో ఈ ఎడం దాదాపు రెట్టింపవుతుంది.

ఇప్పుడు మా బకెట్టును ఈ లెక్కలో పెట్టి చూడండి. రోజుకు 15 లీటర్లు. ఎనిమిది రోజులకు 120 లీటర్లు. కావలసిన దాంట్లో సగానికి పైగానే పోశాం. కానీ ఎనిమిది ముక్కలుగా పోశాం, అదీ చారెడు పాదులో. కొలతలో వచ్చిన లోటు కన్నా విడతలుగా పోయడంలో జరిగిన తప్పే ఆ చెట్టును పడగొట్టిందని నేను నమ్ముతాను.

డ్రిప్ ఉన్నవాళ్ళకు కూడా ఇదే జరుగుతుంది. గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు ఆరు పెడితే గంటకు 48 లీటర్లు. 210 లీటర్లు దిగాలంటే నాలుగు గంటలకు పైగా వదలాలి. అపార్ట్‌మెంట్లలో టైమరు పెట్టి రోజూ ఇరవై నిమిషాలు వదులుతుంటారు. అది చెట్టు చుట్టూ 16 లీటర్లు. పచ్చికకు సరిపోతుందేమో గాని చెట్టుకు కాదు. వారానికొకసారి నాలుగు గంటలు వదలండంటే "అన్ని నీళ్ళా!" అని ఉలిక్కిపడతారు. వారం మొత్తం కలిపి చూస్తే ఇప్పుడు వదిలేదానికి రెండింతలు కూడా కాదు. ఆవిరికి పోయేది తగ్గి, చెట్టుకు దక్కేది పెరుగుతుంది.

ఈ అంకెలను రాతిమీది గీతలనుకోవద్దు. మా వైపు చాలాచోట్ల ఎర్రమన్ను అడుగున్నరే ఉంటుంది, దాని కింద గరుసు. అక్కడ పాతర చిన్నది, కాబట్టి తడి తక్కువ, ఎడం తక్కువ. ఏ లెక్కనైనా నేలే సరిచూసి చెప్పాలి. దానికి ఒక ఇనుప చువ్వ చాలు. నీళ్ళు పెట్టిన మర్నాడు పొద్దున చెట్టు గొడుగు అంచు కింద చువ్వను చేత్తో నొక్కండి. పదును ఉన్నంత లోతుకు సులువుగా దిగుతుంది, పొడిమన్ను తగలగానే ఆగిపోతుంది. రాయి తగిలితే టంగుమంటుంది, ఆ తేడా చేతికే తెలుస్తుంది. రెండడుగులు దిగితే మీ తడి సరిపోయినట్టు. రెండు మూడుసార్లు ఇలా చూసుకుంటే ఆ తర్వాత లెక్క కాగితం అవసరం ఉండదు.

ఎక్కడ పోయాలి, ఎలా పోయాలి

మొదలు దగ్గర పోయడం అందరం చేసే పని. పెరిగిన చెట్టుకు మాను దగ్గర ఉండేవి నిలబెట్టే లావు వేళ్ళు. తాగే వేళ్ళు గొడుగు అంచు దగ్గర, దాన్ని దాటి ఇంకా వెలుపల ఉంటాయి. గొడుగు వెడల్పుకు రెండింతల దూరం పోవడం మామూలే. అందుకే చెట్టుతో పాటు పాదు కూడా ఏటా పెరగాలి. నాటిన ఏడు మొదలు చుట్టూ మూరెడు పాదు, మూడో ఏటికి గొడుగు అంచుదాకా. డ్రిప్పర్లను కూడా అలాగే ఏటేటా బయటకు జరపాలి. ఐదేళ్ళ చెట్టుకు మానును ఆనుకుని ఇంకా రెండే డ్రిప్పర్లు కారుతుండడం ఎన్నో చోట్ల చూశాను. మాను మొదట్లో ఎప్పుడూ తడి నిలిస్తే బెరడు కుళ్ళుతుంది కూడా. అందుకే మానును ఆనుకుని కాస్త ఎత్తుగా మట్టి ఉంచి, పాదును పళ్ళెం అంచులా దానికి దూరంగా తీయాలి.

ఎర్రనేలకు ఇంకో స్వభావం ఉంది. వాన చినుకులకో, పైపు ధాటికో పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద నీళ్ళు నిలవక జారిపోతాయి. ట్యాంకరు పైపు పెట్టి అర నిమిషంలో పాదు నింపి ముందుకు పోతే సగం రోడ్డు మీద పారుతుంది, మిగతాది పాదు గట్టును కోసేస్తుంది. నల్లరేగడిలో కష్టం ఇంకో రకం. ఎండాకాలం పగుళ్ళు విచ్చుకున్నప్పుడు నీళ్ళు గబగబా దిగినట్టే అనిపిస్తాయి. పగులు మూసుకున్నాక గంటకు 5 మిల్లీమీటర్లు కూడా ఇంకదు. రెండుచోట్లా పద్ధతి ఒకటే: నిదానంగా వదలాలి, లేదా ఒకసారి పోసి, ఇంకేదాకా ఆగి, మళ్ళీ పోయాలి.

పాదులో పొరను మాత్రం ఎవరూ వదులుకోవద్దు. ఎండాకులు, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది మూడు నాలుగు అంగుళాల మందాన పరచాలి, మానుకు మాత్రం జానెడు దూరంలో ఆపాలి. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అనుకునే చోట వట్టినేల మీద ఎండ పడితే పై రెండంగుళాల్లో సన్నవేళ్ళు బతకవు. పొర ఉంటే నేల చల్లగా ఉంటుంది, పెచ్చు కట్టదు, తర్వాత ఎరువూ అదే అవుతుంది. మా వీధిలో పొద్దున్నే చెట్ల కింద ఆకులన్నీ ఊడ్చి మూలన తగలబెడతారు. చెట్టు నేల నుంచి తీసుకుని ఆకులో పెట్టిన నత్రజని ఆ పొగలో పోతుంది. మిగిలే బూడిద క్షారం, అసలే క్షారం ఎక్కువున్న మన నేలకు అది మేలు చేయదు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

కొత్తగా నాటిన మొక్క సంగతి వేరు. దాని వేళ్ళు నర్సరీ కవరులో వచ్చిన మట్టిముద్దలోనే ఉంటాయి. ఆ ముద్దలో మన్ను, ఎరువు తేలిగ్గా కలిపి ఉంటాయి కాబట్టి చుట్టూ ఉన్న నేలకన్నా ముందే ఎండిపోతుంది. చుట్టూ పదును ఉన్నా మొక్క వాడిపోవడానికి కారణం ఇదే. మొదటి నెల రెండు మూడు రోజులకు ఒకసారి సరిగ్గా ఆ ముద్ద మీదే పడేలా పోయాలి. తర్వాత నాలుగైదు రోజులకు 15 నుంచి 20 లీటర్లు, పాదు మొత్తం తడిసేలా. క్రమంగా ఎడం పెంచుతూ, తడి పెంచుతూ పోవాలి. రెండు మూడేళ్ళు ఇలా సాకితే ఆ తర్వాత వేప, కానుగ, చింత, నెమలినార, రేల మామూలు ఏళ్ళలో మన మీద ఆధారపడవు. నాటేటప్పుడు కవరులో చుట్టలు తిరిగిన వేళ్ళను విడదీయడమో, కత్తిరించడమో చేయాలి. లేకపోతే పదేళ్ళ తర్వాత కూడా ఆ చుట్ట అలాగే బిగుసుకుని ఉంటుంది.

ఒకే వాల్వు కింద ఒకే రకం దాహం ఉన్న చెట్లు ఉండాలి. బాదం, ఏడాకులపాల, వరుసగా నిలబెట్టే పొడుగు అశోకచెట్లు నీళ్ళు కోరతాయి. వేపకు అంత ఇస్తే గుబురుగా పెరిగి గాలికి విరుగుతుంది. వేపకు సరిపోయేంతే ఇస్తే బాదం ఆకు అంచులు మాడతాయి. పచ్చిక మధ్యలో వేప నాటి, పచ్చిక కోసం రోజూ స్ప్రింక్లరు తిప్పడం రెండింటికీ కీడే.

అతి నీళ్ళూ దాహంలాగే కనబడతాయి. వేళ్ళు ఊపిరి తీసుకోవాలి. నల్లరేగడిలో పాదు ఎప్పుడూ బురదగా ఉంటే గాలి అందక వేరు చస్తుంది, వేరు చస్తే ఆకు వాలిపోతుంది. ఆకు వాలింది కదా అని మళ్ళీ నీళ్ళు పోస్తాం. ఇలా చచ్చిన చెట్లు కరువుకు చచ్చినవాటికేమీ తక్కువ కావు. అందుకే వాలిన ఆకును చూడగానే పైపు పట్టుకోకుండా ముందు చువ్వ పట్టుకోవాలి. అలాగే ఫిబ్రవరి, మార్చిలో వేప, కానుగ ఆకు రాలిస్తే కంగారు పడక్కర్లేదు, అది వాటి క్రమం. ఉగాది నాటికి వేప ఎర్రటి చిగురు తొడుగుతుంది.

సిమెంటు కప్పిన చెట్టుకు ఇవేవీ వర్తించవు. దానికి మనం పోసినా దిగదు, వాన పడినా దిగదు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల మానుల చుట్టూ కనీసం ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. మన ఊళ్ళలో ఆ పని గడ్డపార, సమ్మెట ఉంటే ఒక పూటలో అయిపోతుంది.

నీళ్ళతో పాటు వచ్చే ఉప్పు

చాలామంది తలచుకోని సంగతి ఇది, మెట్టప్రాంతంలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. మన బోరునీళ్ళలో ఉప్పు ఉంటుంది. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత) 1000 చూపించే నీళ్ళు వెయ్యి లీటర్లు పోశామంటే నేలలో కిలో ఉప్పు వేసినట్టే. పైన చెప్పిన ఎర్రనేల చెట్టుకు ఎనిమిది రోజులకు 210 లీటర్ల చొప్పున ఎనిమిది నెలలు ఇస్తే, 30 తడులకు 6300 లీటర్లు. ఆరు కిలోలకు పైగా ఉప్పు, 7 చదరపు మీటర్ల పాదులో. చెట్టు నీటిని తాగి ఉప్పును దాదాపు అలాగే వదిలేస్తుంది. మరి ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? లోతుగా తడిపితే అది వేళ్ళ కిందికి కొట్టుకుపోతుంది. రోజూ కాస్త కాస్త పోస్తే తడి దిగినంత దూరం దిగి అక్కడే పేరుకుపోతుంది, సరిగ్గా వేళ్ళున్న చోటే.

పాదు అంచున తెల్లటి పొర, ముదురాకుల అంచులు, కొనలు కాలినట్టు మాడడం దీని గుర్తులు. ఎండ తీవ్రత అనుకుని ఇంకో బకెట్ పోస్తాం, ఇంకాస్త ఉప్పు చేరుతుంది. దీనికి మందు నీళ్ళే, కానీ కొలత వేరు. మూడు నాలుగు తడులకు ఒకసారి మామూలు కన్నా ఐదోవంతు ఎక్కువ ఇచ్చి కడిగేయాలి. అంతకన్నా మంచిది వాననీళ్ళు. మా వైపు వాన ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆ రెండు నెలలూ పాదు గట్లు గట్టిగా ఉంచి, మేడ మీది నీళ్ళు కూడా అందులోకే మళ్ళిస్తే ఏడాది ఉప్పు కడుక్కుపోతుంది. వానాకాలంలో పాదుతో పనేముందని గట్లు చదును చేసే అలవాటు మానుకోవాలి.

ఇంట్లో నీళ్ళు శుద్ధిచేసే ఆర్‌వో యంత్రం బయటకు వదిలే నీళ్ళను "వృథా ఎందుకు" అని చెట్లకు పోస్తుంటారు. వృథా చేయొద్దన్న మనసు మంచిదే. కానీ ఆ నీళ్ళలో ఉప్పు మామూలు కన్నా చిక్కబడి ఉంటుంది. బండి కడగడానికో, నేల తుడవడానికో వాడుకోవచ్చు, ఒకే చెట్టుకు ఏడాది పొడవునా మాత్రం వద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు దాదాపు ఉండదు. అవి చెట్టుకు నిశ్చింతగా పోయొచ్చు.

ఉప్పు నేలలు రెండు రకాలని మన రైతులకు ఎప్పటినుంచో తెలుసు. తెల్లచౌడు కడిగితే పోతుంది. కారుచౌడు అలా పోదు. అందులో సోడియం మట్టి కణాలకు పట్టుకుని నేలను బిగించేస్తుంది, నీరు ఇంకనివ్వదు. అక్కడ ముందు జిప్సం వేసి, సోడియంను విడిపించి, ఆ తర్వాతే కడగాలి. మట్టి పరీక్ష చేయించకుండా జిప్సం చల్లితే తెల్లచౌడులో ఇంకాస్త ఉప్పు కలిపినట్టే.

ఎరువు ఎప్పుడు, ఎందుకు

ఎరువును "చెట్టుకు తిండి" అంటాం. చెట్టు తన తిండి ఎండతో, గాలితో, నీటితో తానే వండుకుంటుంది. ఎరువు ఆ వంటలో ఉప్పు, పులుపు లాంటిది. వంటకు నీళ్ళే లేనప్పుడు ఉప్పు వేసి లాభం లేదు. పైగా రసాయన ఎరువులు నిజంగానే లవణాలు. పొడినేలలో వేస్తే వేరులోని నీటిని అవే బయటకు లాగుతాయి. ఒకవేళ చెట్టు ఆ నత్రజనిని తీసుకున్నా లేత ఆకులు గుప్పున వేస్తుంది, వాటికి ఇంకా ఎక్కువ నీళ్ళు కావాలి. ఎండకు వాడిన చెట్టుకు బలమని మే నెలలో యూరియా వేయడం అంటే నీరసంగా ఉన్న మనిషిని పరుగెత్తించడమే.

నాటేటప్పుడూ గుంటలో రసాయన ఎరువు వద్దు. బాగా మాగిన పశువుల ఎరువు కొంచెం కలిపితే చాలు. మాగని పేడ ఎర్రనేలల్లో చెదలను పిలుస్తుంది. కోళ్ళ ఎరువులో ఉప్పూ వేడీ రెండూ ఎక్కువ, లేత మొక్క దగ్గరికి దాన్ని రానివ్వకపోవడమే మేలు.

పెరిగిన చెట్టుకు ఎరువు కావాలా వద్దా అన్నది కొమ్మ చివర చూస్తే తెలుస్తుంది. ఈ ఏడు వచ్చిన చిగురు పొడవు నిరుటి కన్నా, అంతకు ముందటి ఏటి కన్నా బాగా తగ్గిందా? ఆకు చిన్నబోయి పాలిపోయిందా? అలా లేకపోతే ఎరువు అక్కర్లేదు. తగ్గితే కూడా ముందు నీళ్ళు, ఉప్పు, సిమెంటు, మాను మీది దెబ్బలు చూసుకుని, ఏదీ కాదని తేలాక ఎరువు సంగతి ఆలోచించాలి. అప్పటికీ ఎక్కువసార్లు కావలసింది నత్రజని ఒక్కటే. చదరపు మీటరుకు ఏడాదికి 5 గ్రాముల నత్రజని ఇస్తే సరిపోతుంది. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి అది సుమారు 11 గ్రాముల యూరియా. మన 7 చదరపు మీటర్ల చెట్టుకు 75 గ్రాములు. గుప్పెడు. కిలోలు కిలోలు వేసేవాళ్ళకు ఈ అంకె నమ్మబుద్ధి కాదు.

గుంటలు తవ్వి పాతిపెట్టక్కర్లేదు, తాగే వేళ్ళు పైనే ఉన్నాయి కదా. గొడుగు కిందంతా, అంచు బయట కూడా సమంగా చల్లి వెంటనే నీళ్ళు పెట్టాలి. క్షారపు నేల మీద యూరియాను అలా వదిలేస్తే అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. సమయం తొలకరి పదును బాగా దిగాక ఒకసారి, లేదా సెప్టెంబరు వానల్లో. రెండూ కాకపోతే ఆ ఏటికి మానేయడం మంచిది.

భాస్వరం సంగతి ఇంకా జాగ్రత్త. డీఏపీ ఇంట్లో ఉంది కదా అని ఏటా చల్లేవాళ్ళున్నారు. భాస్వరం నేలలో కదలదు, పేరుకుంటుంది. పేరుకుంటే ఇనుము, జింకు చెట్టుకు అందకుండా చేస్తుంది, వేళ్ళతో పొత్తుపెట్టుకుని నీరు తెచ్చిచ్చే బూజులను తగ్గిస్తుంది.

ఆకు పసుపెక్కితే ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. కింది ముదురాకులు మొత్తం పాలిపోతే నత్రజని లోపం. కొమ్మ చివర లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. సున్నపు నేలలో ఇనుము నిండా ఉంటుంది, కరగదు కాబట్టి అందదు. యూరియా వేస్తే ఇది తగ్గదు. వేరుశనగ రైతులు ఏం చేస్తారో అదే మందు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ, వారం పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు. అన్నభేదిని అలాంటి నేలలో వేస్తే కొన్నాళ్ళకే బిగుసుకుపోతుంది. ఎరువుల దుకాణంలో ఇనుము చిలేటు (నేలలో బిగుసుకోకుండా కట్టి ఉంచిన ఇనుము) తీసుకుంటే ఈడీడీహెచ్‌ఏ అని రాసి ఉన్నదే క్షారపు నేలకు పనికొస్తుంది. ఈడీటీఏ రకం మన నేలలో నిలవదు. ఆకుల మీద చల్లి చూడలేనంత పెద్ద చెట్టుకైతే అతిగా నీళ్ళు పెట్టడం మానేయడమే మొదటి చికిత్స. సున్నపు నేల ఎప్పుడూ బురదగా ఉంటే ఇనుము ఇంకా అందదు.

కొన్ని చెట్లు నత్రజనిని తామే సంపాదించుకుంటాయి. కానుగ వేళ్ళ మీద బుడిపెలుంటాయి, వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తాయి. దాని ఆకును వరిమడుల్లో తొక్కించే అలవాటు మన రైతులకు ఉండేది. తురాయి, రేల, చింత కూడా కాయను బట్టి చూస్తే కానుగలాగే చిక్కుడు కుటుంబానివే, కానీ వాటి వేళ్ళకు బుడిపెలు రావు. కానుగ ఆకు ఊడ్చి తురాయి కింద పరచడం నేను ఏటా చేసే పని.

ఎరువుతో తగ్గని జబ్బులూ ఉన్నాయి. 2021 ప్రాంతంలో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మల చివర్లు కాలినట్టు ఎండిపోయాయి. శాస్త్రవేత్తలు ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ కారణమని తేల్చారు. చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. అలాగే 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసిన ఫోటోలు అందరూ చూశారు. వాటిలో ఉన్నది బలం మందు కాదు, చెదలను చంపే క్లోర్‌పైరిఫాస్ ద్రావణం. ఆ ఫోటోలు చూపించి మా చెట్టుకూ బలం ఎక్కిద్దామా అని అడిగేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. మానుకు రంధ్రం చేస్తే అదొక గాయమే, మంచి కారణం లేకుండా చేయకూడదు.

ఒక్క ట్యాంకరే దొరికితే

మే నెల చివర బోరు ఎండిపోయి, 5000 లీటర్ల ట్యాంకరు ఒక్కటే దొరికిందనుకోండి. వీధిలో చెట్లు నలభై ఉన్నాయి. అందరికీ సమంగా పంచితే తలా 125 లీటర్లు. కొన్నిటికి అది అక్కర్లేదు, కొన్నిటికి చాలదు. నేనైతే ముందు గత రెండేళ్ళలో నాటినవాటికి 20 లీటర్ల చొప్పున పోస్తాను. అవి ఇరవై ఉన్నా 400 లీటర్లే. తర్వాత సిమెంటు మధ్య ఇరుక్కున్నవి, నీళ్ళు కోరే బాదం లాంటివి. వయసొచ్చిన వేప, చింత, కానుగ మామూలు ఏడాది ఓర్చుకుంటాయి, ఆకు కొంత రాల్చుకుని తమ ఖర్చు తామే తగ్గించుకుంటాయి.

అయితే వరుసగా రెండేళ్ళు వాన తప్పితే వరుస తిరగేస్తాను. లోతు పదును కూడా అయిపోయి ఉంటుంది కాబట్టి అప్పుడు పెద్దచెట్టే మొదట. మొక్కను వచ్చే తొలకరికి మళ్ళీ నాటుకోవచ్చు, యాభై ఏళ్ళ చింతను మళ్ళీ చూడడానికి మనం ఉండం. దానికి వెయ్యి లీటర్లు, గొడుగు అంచు చుట్టూ కాలువ తీసి, సాయంత్రం మొదలుపెట్టి రాత్రంతా సన్నధారగా వదలాలి. పొద్దున్నే చువ్వ పట్టుకుని వెళ్ళి, పదును ఎంత లోతు దిగిందో చూసుకోవాలి.